ట్రాన్సిటివ్ డిపెండెన్సీల గొడవ తీర్చడం ఎలా: మేవెన్, గ్రేడిల్ వాడేవాళ్ళకి

కోడ్‌లో ఒక్క లైను కూడా ముట్టుకోలేదు, కొత్తగా ఒక లైబ్రరీ మాత్రం కలిపారు. కంపైల్ అయింది, టెస్టులు పాసయ్యాయి, తీరా సర్వర్ మీద రన్ చేస్తే నోసచ్‌మెథడ్‌ఎర్రర్. అదీ మీరు ఎప్పుడూ పేరు వినని క్లాస్ గురించి. "నేను వాడని లైబ్రరీ నా ప్రాజెక్టులోకి ఎలా వచ్చింది, దాన్ని ఎలా పంపించాలి?" అని చాలామంది అడుగుతూనే ఉన్నారు. ఏది ముందు చేయాలో, ఏది ఆఖరికి మిగుల్చుకోవాలో వరసగా చూద్దాం.

మీరు కలిపిన లైబ్రరీ తన పనికోసం వెంట లాక్కొచ్చే లైబ్రరీలే ట్రాన్సిటివ్ డిపెండెన్సీలు. ఒకే లైబ్రరీ రెండు దారుల్లో రెండు వెర్షన్లుగా వస్తే బిల్డ్ టూల్ (జావా ప్రాజెక్టుని కట్టే మేవెన్ లేదా గ్రేడిల్) ఒకదాన్నే ఉంచుతుంది. సిద్ధాంతం ఇంతవరకు చాలు. ఏది ఉంచుతుందన్న నియమం మాత్రం కంఠస్థం చేయాలి:

- మేవెన్: మీ ప్రాజెక్టుకి ఎన్ని మెట్ల దూరంలో ఉందో లెక్కేసి, దగ్గర ఉన్నదాన్ని ఉంచుతుంది. దూరం సమానమైతే పోమ్‌లో (మేవెన్ బిల్డ్ ఫైల్‌లో) ముందు రాసిన దారి గెలుస్తుంది. ఏది కొత్తది, ఏది పాతది అన్నది అసలు చూడదు.
- గ్రేడిల్: మీరు వేరేగా చెప్పకపోతే, దూరంతో పని లేకుండా అన్నిట్లోకీ కొత్త వెర్షన్ ఉంచుతుంది.

అందుకే ఒకే లైబ్రరీల జాబితా మేవెన్‌లో ఒకలా, గ్రేడిల్‌లో ఇంకోలా తేలుతుంది. మేవెన్ నుంచి గ్రేడిల్‌కి మారిన ప్రాజెక్టుల్లో మొదటివారం వచ్చే వింత ఎర్రర్లలో చాలావాటికి మూలం ఇదే.

కావలసినవి

- ఎర్రర్ పూర్తి స్టాక్ ట్రేస్. అన్నిటికంటే కింద ఉన్న "కాజ్డ్ బై" లైను దాకా ఉండాలి.
- మేవెన్ అయితే డిపెండెన్సీ ప్లగిన్ 3.2.0 లేదా ఆ పై వెర్షన్. 3.0, 3.1 వెర్షన్లలో ట్రీకి (ఏ లైబ్రరీని ఎవరు తెచ్చారో చూపే జాబితాకి) వెర్బోస్ ఆప్షన్ పనిచేయదు. ఓడిపోయిన వెర్షన్లు కనిపించకపోతే సగం కథ తెలియదు.
- గ్రేడిల్ అయితే ప్రాజెక్టులో ఉన్న రాపర్ స్క్రిప్టే (గ్రేడిల్‌డబ్ల్యూ) వాడండి, మెషీన్‌లో ఇన్‌స్టాల్ అయి ఉన్న గ్రేడిల్ కాదు.
- నిజంగా డిప్లాయ్ అయ్యే జార్ లేదా వార్ ఫైల్. ఐడీఈలో రన్ అయ్యేది ఒకటి, సర్వర్‌కి వెళ్ళేది ఇంకొకటి కావచ్చు.
- వెర్షన్ కంట్రోల్‌లో శుభ్రంగా ఉన్న బ్రాంచ్. ఒక్కో మార్పుకి ఒక్కో కమిట్ వేసుకుంటే ఏ మార్పు పనిచేసిందో తెలుస్తుంది.

కమాండ్లు, ట్యాగ్ పేర్లు ఇక్కడ తెలుగు లిపిలోనే రాశాం. టెర్మినల్‌లో కొట్టేటప్పుడు వాటి మామూలు ఇంగ్లీషు స్పెల్లింగే వాడండి.

1. ఎర్రర్ ఏ రకమో తేల్చుకోండి

ఎర్రర్ పేరు చూస్తేనే సగం సమస్య తేలిపోతుంది.

నోసచ్‌మెథడ్‌ఎర్రర్, నోసచ్‌ఫీల్డ్‌ఎర్రర్, అబ్‌స్ట్రాక్ట్‌మెథడ్‌ఎర్రర్: క్లాస్ దొరికింది, కానీ వెర్షన్ వేరు. మెథడ్ పేరుతో పాటు దాని పారామీటర్లు, రిటర్న్ టైప్ కూడా చదవండి. "మెథడ్ ఉందిగా, మరి లేదంటుందేం?" అని తికమక పడేది ఇక్కడే. పేరు అదే ఉండి రిటర్న్ టైప్ మారినా జేవీఎం (జావా ప్రోగ్రామ్‌ని నడిపేది) దృష్టిలో అది వేరే మెథడ్.

క్లాస్‌నాట్‌ఫౌండ్‌ఎక్సెప్షన్, నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రర్: రన్‌టైమ్ క్లాస్‌పాత్‌లో (జేవీఎం క్లాసుల కోసం వెతికే చోట్ల జాబితాలో) జార్ లేదు, లేదా ఆ వెర్షన్‌లో ఆ క్లాస్ లేదు. ఒక మినహాయింపు ఉంది. నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రర్ పక్కన "కుడ్ నాట్ ఇనిషియలైజ్ క్లాస్" అని ఉంటే జార్ ఉంది, క్లాస్ కూడా ఉంది. దాని స్టాటిక్ బ్లాక్‌లో అంతకుముందే ఏదో పేలింది. లాగ్‌లో పైకి వెళ్ళి ఆ మొదటి ఎర్రర్ వెతకండి. డిపెండెన్సీలతో కుస్తీ పట్టకండి.

అన్‌సపోర్టెడ్‌క్లాస్‌వెర్షన్‌ఎర్రర్: లైబ్రరీ మీ జావా కన్నా కొత్త జావా కోసం కంపైల్ అయింది. క్లాస్ ఫైల్ వెర్షన్ 52 అంటే జావా 8, 55 అంటే 11, 61 అంటే 17. ఒక ట్రాన్సిటివ్ లైబ్రరీ పెద్ద వెర్షన్‌కి ఎగబాకినప్పుడు ఇది వస్తుంది.

2. ఆ క్లాస్ ఏ జార్ నుంచి లోడ్ అయిందో పట్టుకోండి

ఊహించకండి, జేవీఎంనే అడగండి. జావా కమాండ్‌కి -వెర్బోస్:క్లాస్ ఆప్షన్ ఇచ్చి రన్ చేస్తే ప్రతి క్లాస్ పక్కన అది వచ్చిన జార్ పాత్ పడుతుంది. అవుట్‌పుట్ వరదలా వస్తుంది, ఎర్రర్‌లో ఉన్న క్లాస్ పేరుతో గ్రెప్ చేయండి. అప్లికేషన్ సర్వర్ స్టార్టప్ ఆప్షన్లు మీ చేతిలో లేకపోతే, అనుమానం ఉన్న క్లాస్ మీద గెట్‌ప్రొటెక్షన్‌డొమైన్, దాని మీద గెట్‌కోడ్‌సోర్స్, దాని మీద గెట్‌లొకేషన్ పిలిచి ఆ విలువను లాగ్‌లో ప్రింట్ చేయండి.

జార్ పాత్ మీ అప్లికేషన్ ఫోల్డర్‌లోది కాకుండా సర్వర్ సొంత లిబ్ ఫోల్డర్‌లోది అయితే, మీ బిల్డ్ ఫైల్‌లో ఎంత మార్చినా లాభం లేదు. సర్వర్ ఇచ్చే లైబ్రరీలకు ప్రొవైడెడ్ స్కోప్ (ప్యాకేజీలో పెట్టొద్దు, సర్వర్ ఇస్తుంది అన్న గుర్తు) పెట్టి సర్వర్ వెర్షన్‌కి సర్దుకోవాలి, లేదా సర్వర్ క్లాస్‌లోడర్ సెట్టింగ్ మార్చాలి.

3. ట్రీ తీయండి

మేవెన్‌లో: ఎంవీఎన్ డిపెండెన్సీ:ట్రీ, వెంట -డివెర్బోస్. ఒక్క లైబ్రరీ గురించే కావాలంటే -డిఇన్‌క్లూడ్స్= తర్వాత గ్రూప్ఐడీ:ఆర్టిఫాక్ట్ఐడీ ఇవ్వండి. పెద్ద ప్రాజెక్టులో మొత్తం ట్రీ వేల లైన్లు ఉంటుంది, వడపోయకుండా చదవడం దండగ.

గ్రేడిల్‌లో: డిపెండెన్సీఇన్‌సైట్ టాస్క్, వెంట --డిపెండెన్సీ లైబ్రరీపేరు, --కాన్ఫిగరేషన్ రన్‌టైమ్‌క్లాస్‌పాత్. ఏ వెర్షన్ ఎంచుకుంది, ఎందుకు ఎంచుకుంది, ఎవరెవరు అడిగారు అన్నీ ఒకేచోట చూపిస్తుంది. కాన్ఫిగరేషన్ పేరు మరవకండి. ఎర్రర్ రన్‌టైమ్‌లో వచ్చినప్పుడు కంపైల్‌క్లాస్‌పాత్ చూసి "అంతా బాగానే ఉంది" అనుకోవడం చాలామంది చేసే తప్పు.

మల్టీమాడ్యూల్ మేవెన్ ప్రాజెక్టులో ఒక మాడ్యూల్ ఫోల్డర్‌లోకి దిగి కమాండ్ కొడితే, పక్క మాడ్యూల్‌ని లోకల్ రిపాజిటరీలో ఉన్న పాత జార్ నుంచి తెచ్చుకుంటుంది. పైన రూట్ నుంచే, -పీఎల్ తో మాడ్యూల్ పేరు, -ఏఎం ఇచ్చి నడపండి.

4. ట్రీ చదవండి

ఒక నిజమైన కలయిక తీసుకుందాం. ఇందులో రిపోర్ట్-లైబ్రరీ పేరు ఉదాహరణకి పెట్టింది, మిగతావి అసలువే: ఎస్‌ఎల్‌ఎఫ్4జే అంటే లాగ్ రాయడానికి కోడ్ పిలిచే ఏపీఐ, లాగ్‌బ్యాక్ అంటే దాని వెనక నిజంగా లాగ్ రాసే లైబ్రరీ (ప్రొవైడర్).

మా-యాప్
— లాగ్‌బ్యాక్-క్లాసిక్ 1.2.11
—— ఎస్‌ఎల్‌ఎఫ్4జే-ఏపీఐ 1.7.32
— రిపోర్ట్-లైబ్రరీ 3.1
—— ఎస్‌ఎల్‌ఎఫ్4జే-ఏపీఐ 2.0.7

రెండు ఎస్‌ఎల్‌ఎఫ్4జేలూ రెండో మెట్టు మీదే ఉన్నాయి. మేవెన్ పోమ్‌లో లాగ్‌బ్యాక్ ముందు రాసి ఉంటే 1.7.32 గెలుస్తుంది, 2.0.7 పక్కన "ఒమిటెడ్ ఫర్ కాన్‌ఫ్లిక్ట్" అని పడుతుంది. రిపోర్ట్-లైబ్రరీ 2.0లో కొత్తగా వచ్చిన అట్‌ఇన్ఫో మెథడ్ పిలిచిన క్షణాన నోసచ్‌మెథడ్‌ఎర్రర్ వస్తుంది.

ఇప్పుడు పోమ్‌లో ఆ రెండిటి వరస తారుమారు చేయండి. 2.0.7 గెలుస్తుంది. ఈసారి ఎర్రర్ రాదు, కానీ లాగ్‌లు మాయం. ఎందుకంటే ఎస్‌ఎల్‌ఎఫ్4జే 2.0 తన ప్రొవైడర్‌ని సర్వీస్‌లోడర్ ద్వారా వెతుకుతుంది, లాగ్‌బ్యాక్ 1.2 పాత పద్ధతిలో స్టాటిక్‌లాగర్‌బైండర్ క్లాస్ పెట్టుకుని కూర్చుంటుంది. ఇద్దరూ ఒకరికొకరు కనబడరు. కన్సోల్‌లో మొదట్లోనే "నో ఎస్‌ఎల్‌ఎఫ్4జే ప్రొవైడర్స్ వర్ ఫౌండ్" అన్న హెచ్చరిక ఒకటి వచ్చి పోతుంది. అది గమనించకపోతే ప్రొడక్షన్‌లో గొడవ జరిగి లాగ్ తెరిచే రోజు దాకా సంగతి తెలియదు. గ్రేడిల్‌లో కొత్తదే గెలుస్తుంది కాబట్టి వరస ఎలా ఉన్నా నేరుగా ఈ రెండో పరిస్థితే వస్తుంది.

ఎర్రర్ వచ్చే గొడవ కన్నా ఎర్రర్ రాని గొడవ ప్రమాదం. పోమ్‌లో వరస మార్చి "సరైపోయింది" అనుకోవడాన్ని పరిష్కారంగా లెక్కించకండి. రేపు ఇంకొకరు డిపెండెన్సీలను అక్షరక్రమంలో సర్దితే మళ్ళీ మొదటికొస్తుంది.

ట్రీలో కనిపించే మిగతా గుర్తులు: మేవెన్‌లో "ఒమిటెడ్ ఫర్ డూప్లికేట్" అంటే అదే వెర్షన్ ఇంకోచోట ఉంది, ఇబ్బంది లేదు. "వెర్షన్ మేనేజ్డ్ ఫ్రమ్" అంటే మీ పోమ్, పేరెంట్ లేదా బామ్ (కలిసి నడిచే లైబ్రరీల వెర్షన్లన్నీ ఒకేచోట చెప్పే పోమ్) వెర్షన్‌ని మార్చింది. గ్రేడిల్‌లో రెండు వెర్షన్ల మధ్య బాణం ఉంటే అడిగింది ఎడమవైపుది, ఇచ్చింది కుడివైపుది. నక్షత్రం గుర్తు ఉంటే ఆ కొమ్మ పైన ఇదివరకే పూర్తిగా చూపించినట్టు.

5. ఏ వెర్షన్ కావాలో నిర్ణయించుకోండి

అలవాటుగా కొత్తది పెట్టేస్తే సరిపోదు. అడుగుతున్న లైబ్రరీలన్నిటికీ పనిచేసే వెర్షన్ కావాలి. ఎర్రర్‌లో ఉన్న మెథడ్ ఫలానా జార్‌లో ఉందో లేదో చూడటానికి జావాపీ కమాండ్ చాలు: -సీపీ తో జార్ పాత్, -ఎస్, తర్వాత పూర్తి క్లాస్ పేరు. సిగ్నేచర్లు ఎర్రర్‌లో ఉన్నట్టే ఉన్నాయో పోల్చుకోండి.

పై ఉదాహరణలో అసలు దారి ఎస్‌ఎల్‌ఎఫ్4జేని 2.0 వైపే ఉంచి, లాగ్‌బ్యాక్‌ని దానికి తగ్గ వెర్షన్‌కి తేవడం. జావా 8 మీద ఉంటే లాగ్‌బ్యాక్ 1.3, జావా 11 లేదా ఆ పైన ఉంటే 1.5. ఎస్‌ఎల్‌ఎఫ్4జే 1.7 కోసం రాసిన మిగతా లైబ్రరీలు 2.0 ఏపీఐతో కూడా నడుస్తాయి, కాబట్టి పైకి వెళ్ళడంలో భయం లేదు. కిందికి దిగడంలోనే ఉంది.

అడిగేవాళ్ళలో ఒకరు మొదటి అంకె వేరే ఉన్న వెర్షన్ అడుగుతుంటే, ఉదాహరణకి ఒకరు 1, ఇంకొకరు 2, మార్పుల జాబితా చదవకుండా ముందుకు వెళ్ళకండి.

6. వెర్షన్‌ని ఒకేచోట బిగించండి

మేవెన్‌లో ఆ చోటు డిపెండెన్సీమేనేజ్‌మెంట్ సెక్షన్. అక్కడ గ్రూప్ఐడీ, ఆర్టిఫాక్ట్ఐడీ, వెర్షన్ రాస్తే, ఆ లైబ్రరీ ఎన్ని మెట్ల లోతు నుంచి వచ్చినా ఆ వెర్షనే వస్తుంది. దగ్గర-దూరం నియమం కన్నా దీనికి బలం ఎక్కువ. మల్టీమాడ్యూల్ అయితే పేరెంట్ పోమ్‌లో పెట్టండి. ఇది లైబ్రరీని కలపదు, వస్తే ఏ వెర్షన్ రావాలో చెబుతుంది, అంతే. "డిపెండెన్సీమేనేజ్‌మెంట్‌లో పెట్టాను, అయినా క్లాస్ దొరకట్లేదు" అన్న ఫిర్యాదుకి జవాబు ఇదే.

ఇక్కడ పొరపాటున స్కోప్ రాయకండి. టెస్ట్ స్కోప్ అని రాస్తే, అదే లైబ్రరీ వేరే దారిలో రన్‌టైమ్ కోసం వస్తున్నా దానికీ టెస్ట్ స్కోపే అంటుకుంటుంది. ప్యాకేజీలోంచి మాయమవుతుంది. టెస్టులు పాసవుతూనే ఉంటాయి కాబట్టి దొరకడం కష్టం.

గ్రేడిల్‌లో డిపెండెన్సీస్ బ్లాక్ లోపల కన్‌స్ట్రెయింట్స్ బ్లాక్ పెట్టి వెర్షన్ రాయండి, బికాజ్ తో కారణం కూడా రాయండి. ఆ కారణం డిపెండెన్సీఇన్‌సైట్ అవుట్‌పుట్‌లో కనిపిస్తుంది. కన్‌స్ట్రెయింట్ వెర్షన్‌ని పైకి లాగుతుందే కానీ కిందికి దించదు. దించాలంటే స్ట్రిక్ట్లీ వాడాలి. దించే ముందు ఐదో అడుగు మళ్ళీ చదవండి.

కుటుంబాలుగా వచ్చే లైబ్రరీలకు విడివిడిగా వెర్షన్లు బిగించకండి. జాక్సన్ తీసుకోండి: కోర్, డేటాబైండ్, యానొటేషన్స్, ఇంకా డజను మాడ్యూల్స్. డేటాబైండ్ ఒక్కదాన్నే పైకి జరిపితే కోర్ పాతదే ఉండిపోయి కొత్త ఎర్రర్ మొదలవుతుంది. వీటికి బామ్ ఉంటుంది. మేవెన్‌లో డిపెండెన్సీమేనేజ్‌మెంట్ లోపల జాక్సన్-బామ్‌ని టైప్ పోమ్, స్కోప్ ఇంపోర్ట్ అని రాయండి. గ్రేడిల్‌లో ప్లాట్‌ఫామ్ అన్న మాటతో కలపండి. నెట్టీకి, జేయూనిట్‌కి కూడా ఇలాంటి బామ్‌లు ఉన్నాయి.

రెండు బామ్‌లు ఒకే లైబ్రరీకి రెండు వెర్షన్లు చెబితే మేవెన్‌లో ముందు రాసిన బామ్ నెగ్గుతుంది, మీరు సొంతంగా రాసిన ఎంట్రీ ఆ రెండిటినీ దాటుతుంది. గ్రేడిల్ ప్లాట్‌ఫామ్‌లో మాత్రం ఎక్కువ వెర్షన్ నెగ్గుతుంది. ఎన్‌ఫోర్స్డ్‌ప్లాట్‌ఫామ్ అనేది కూడా ఒకటుంది. ఆఖరి అప్లికేషన్‌లో అయితే సరే, పదిమంది వాడే లైబ్రరీలో పెడితే మీ బలవంతం వాళ్ళ మీద కూడా పడుతుంది.

స్ప్రింగ్ బూట్ వాడేవాళ్ళకి ఒక మాట. పోమ్‌లో ప్రాపర్టీ రాసి లైబ్రరీ వెర్షన్ మార్చడం స్టార్టర్-పేరెంట్‌ని పేరెంట్‌గా పెట్టుకున్నప్పుడే పనిచేస్తుంది. స్ప్రింగ్-బూట్-డిపెండెన్సీస్‌ని బామ్‌గా ఇంపోర్ట్ చేసుకున్నవాళ్ళు ఎన్ని ప్రాపర్టీలు రాసినా వెర్షన్ కదలదు. ఆ ఇంపోర్ట్ కంటే ముందు సొంత ఎంట్రీ రాయాలి.

7. ఎక్స్‌క్లూజన్ ఎప్పుడు వాడాలి

ఇంటర్నెట్‌లో మొదట దొరికే సలహా "ఎక్స్‌క్లూడ్ చేసేయండి" అని. వెర్షన్ గొడవకి అది మందు కాదు. ఎక్స్‌క్లూజన్ ఏ డిపెండెన్సీ కింద రాస్తే ఆ ఒక్క దారిని మాత్రమే మూస్తుంది. రేపు ఇంకో లైబ్రరీ అదే జార్‌ని తెస్తే మళ్ళీ వస్తుంది, మీరు ఇంకో ఎక్స్‌క్లూజన్ రాస్తారు. ఇలా పోమ్‌లో నలభై ఎక్స్‌క్లూజన్లు పేరుకున్న ప్రాజెక్టులు ఉంటాయి. వాటిలో ఏది ఎందుకుందో చెప్పేవాళ్ళు ఉండరు.

దీనికి నిజంగా పని ఉన్న సందర్భాలు రెండే.

మొదటిది: లైబ్రరీ అసలు అక్కర్లేదు, దాని స్థానంలో వేరేది వస్తోంది. ఉదాహరణకి కామన్స్-లాగింగ్ తీసి జేసీఎల్-ఓవర్-ఎస్‌ఎల్‌ఎఫ్4జే పెట్టడం.

రెండోది: పేరు మారిన లైబ్రరీలు. బిల్డ్ టూల్ గ్రూప్, ఆర్టిఫాక్ట్ పేర్లు చూసే "ఇది అదే" అనుకుంటుంది. బౌన్సీ క్యాజిల్ బీసీప్రొవ్-జేడీకే15ఆన్, బీసీప్రొవ్-జేడీకే18ఆన్ అన్న రెండు పేర్లతో ఉంటే టూల్‌కి అవి రెండు వేరు లైబ్రరీలు, రెండిటినీ క్లాస్‌పాత్‌లో పెడుతుంది. లోపల క్లాసులు మాత్రం ఒకే పేర్లతో ఉంటాయి. ఏది ముందు లోడ్ అవుతుందో దాని మీద ప్రోగ్రామ్ ప్రవర్తన ఆధారపడుతుంది. జావాఎక్స్.సర్వ్‌లెట్ కింద సర్వ్‌లెట్-ఏపీఐ, జావాఎక్స్.సర్వ్‌లెట్-ఏపీఐ జంట కూడా ఇలాంటిదే. వీటిని వెర్షన్ బిగించి తీర్చలేరు, పాత పేరున్నదాన్ని వచ్చిన ప్రతి దారిలో ఎక్స్‌క్లూడ్ చేయాలి. గ్రేడిల్‌లో అన్ని కాన్ఫిగరేషన్లకి కలిపి ఒకేసారి ఎక్స్‌క్లూడ్ రాయవచ్చు.

మేవెన్ 3.2.1 నుంచి ఎక్స్‌క్లూజన్‌లో నక్షత్రం పెట్టి ఒక లైబ్రరీ వెంట వచ్చేవన్నీ ఆపవచ్చు. కావలసినవన్నీ చేత్తో రాసుకునే ఓపిక ఉంటేనే అటు వెళ్ళండి.

8. మీరు ఇంపోర్ట్ చేసేదాన్ని మీరే ప్రకటించండి

మీ కోడ్‌లో ఒక క్లాస్‌ని నేరుగా ఇంపోర్ట్ చేస్తూ, ఆ లైబ్రరీని మాత్రం ఎవరో తెస్తే వాడుకుంటున్నారనుకోండి. తెచ్చేవాళ్ళు తర్వాతి వెర్షన్‌లో దాన్ని మానేస్తే మీ కంపైల్ ఆగిపోతుంది. ఎంవీఎన్ డిపెండెన్సీ:అనలైజ్ నడిపితే "యూజ్డ్ అన్‌డిక్లేర్డ్" అన్న జాబితా వస్తుంది. అందులో ఉన్నవన్నీ డిపెండెన్సీలుగా రాసేయండి.

అదే రిపోర్టులో "అన్‌యూజ్డ్ డిక్లేర్డ్" జాబితాని మాత్రం గుడ్డిగా నమ్మి తీసేయకండి. ఆ ప్లగిన్ బైట్‌కోడ్ చూసి చెబుతుంది. రిఫ్లెక్షన్ ద్వారా లోడ్ అయ్యే జేడీబీసీ డ్రైవర్లు, లాగింగ్ ప్రొవైడర్లు, కంపైల్‌లోనే విలువగా కలిసిపోయే కాన్‌స్టెంట్లు దానికి కనబడవు.

గ్రేడిల్‌లో లైబ్రరీ రాసేవాళ్ళు ఏపీఐ, ఇంప్లిమెంటేషన్ తేడా పాటిస్తే ఈ గొడవ పుట్టుకలోనే తగ్గుతుంది. మీ పబ్లిక్ మెథడ్ సిగ్నేచర్‌లో కనిపించే లైబ్రరీకి ఏపీఐ, లోపల మాత్రమే వాడేదానికి ఇంప్లిమెంటేషన్. పాత కంపైల్ కాన్ఫిగరేషన్ గ్రేడిల్ 7.0లో తీసేశారు. దాన్ని మార్చేటప్పుడు అన్నిటికీ ఏపీఐ అని పెట్టేస్తే పని అయిపోతుంది కానీ లాభం పోతుంది.

మీరు రాసేది ఇతరులు వాడే లైబ్రరీ అయితే ఇంకో సంగతి: మీ డిపెండెన్సీమేనేజ్‌మెంట్‌లో బిగించిన ట్రాన్సిటివ్ వెర్షన్లు మీ లైబ్రరీ వాడేవాళ్ళకి చేరవు. చేరాలంటే ఆ లైబ్రరీని నేరుగా డిపెండెన్సీగా రాయాలి.

9. సరిచూసుకోండి

- మార్పుకి ముందు, తర్వాత ట్రీని ఫైల్‌లోకి పంపి డిఫ్ చూడండి. మేవెన్‌లో -డిఅవుట్‌పుట్‌ఫైల్= ఆప్షన్ ఉంది. మీరు అనుకున్న లైన్లే మారాలి. అనుకోని లైబ్రరీ ఒకటి కూడా కదిలితే ఎందుకో తెలుసుకున్నాకే ముందుకు వెళ్ళండి.
- క్లీన్ చేసి మళ్ళీ ప్యాకేజ్ చేయండి. క్లీన్ లేకపోతే టార్గెట్ ఫోల్డర్‌లో పాత జార్ మిగిలి వార్‌లోకి చేరవచ్చు.
- ప్యాకేజీ లోపల చూడండి. జార్ కమాండ్‌కి టీఎఫ్ ఇచ్చి జాబితా తీయండి. వార్ అయితే వెబ్-ఇన్ఫ్ కింద లిబ్, స్ప్రింగ్ బూట్ జార్ అయితే బూట్-ఇన్ఫ్ కింద లిబ్. లైబ్రరీ పేరు ఒక్కసారే, కావలసిన వెర్షన్‌తోనే కనిపించాలి.
- రెండో అడుగులో చేసిన -వెర్బోస్:క్లాస్ పరీక్ష ప్యాకేజ్ అయిన ఫైల్ మీద మళ్ళీ చేయండి.
- ఎర్రర్ వచ్చిన కోడ్ దారిని నిజంగా నడిపించండి. అప్లికేషన్ స్టార్ట్ అయినంత మాత్రాన సరైనట్టు కాదు. మెథడ్ లేదన్న సంగతి దాన్ని పిలిచినప్పుడే బయటపడుతుంది.

మార్చినా పాత వెర్షనే వస్తుంటే మూడు చోట్లు చూడండి: పేరెంట్ పోమ్, నెగ్గుతున్న బామ్, ప్రొఫైల్. ఎంవీఎన్ హెల్ప్:ఎఫెక్టివ్-పోమ్ ఈ మూడూ కలిపి ఆఖరికి ఏం తేలిందో చూపిస్తుంది. డౌన్‌లోడ్ ఒకసారి ఫెయిలైతే లోకల్ రిపాజిటరీలో .లాస్ట్‌అప్‌డేటెడ్ ఫైల్ మిగిలి, మేవెన్ వెంటనే మళ్ళీ ప్రయత్నించదు. అప్పుడు -యూ ఇవ్వండి. గ్రేడిల్‌లో --రిఫ్రెష్-డిపెండెన్సీస్. లోకల్ రిపాజిటరీ మొత్తం డిలీట్ చేయడం అందరూ మొదట చేసే పని, సాధారణంగా అవసరం లేని పని.

10. మళ్ళీ రాకుండా బిల్డ్‌కే కాపలా పెట్టండి

మేవెన్ ఎన్‌ఫోర్సర్ ప్లగిన్‌లో రెండు రూల్స్ ఉపయోగం. రిక్వైర్‌అప్పర్‌బౌండ్‌డెప్స్: ఎవరైనా అడిగిన వెర్షన్ కన్నా తక్కువది తేలితే బిల్డ్ ఆపుతుంది. డిపెండెన్సీకన్వర్జెన్స్: రెండు దారుల్లో రెండు వెర్షన్లు ఉంటే చాలు, ఆపుతుంది. పాత ప్రాజెక్టులో రెండోదాన్ని మొదటిరోజే పెడితే ఎర్రర్ల జాబితా చూసి ఎవరో ఒకరు ప్లగిన్‌నే తీసేస్తారు. మొదటిదానితో మొదలుపెట్టండి. నాలుగో అడుగులోని ఎస్‌ఎల్‌ఎఫ్4జే ఉదాహరణలో 1.7.32 తేలిన పోమ్‌ని అది అక్కడికక్కడే పట్టుకునేది. 2.0.7 తేలి లాగ్‌లు మాయమైన రెండో పోమ్‌ని మాత్రం పట్టదు, ఎందుకంటే అక్కడ ఎక్కువ వెర్షనే గెలిచింది.

రానే రాకూడదనుకున్న లైబ్రరీల కోసం బ్యాన్డ్‌డిపెండెన్సీస్ రూల్ ఉంది. 2021 డిసెంబర్‌లో లాగ్4షెల్ (లాగ్4జే లాగింగ్ లైబ్రరీలోని భద్రతా లోపం) బయటపడినప్పుడు, తాము లాగ్4జే వాడట్లేదనుకున్న ప్రాజెక్టుల్లో కూడా లాగ్4జే-కోర్ ట్రాన్సిటివ్‌గా వచ్చి కూర్చుని ఉంది. 2.15.0తో మొదలైన సవరణలు వరసగా 2.17.1 దాకా వెళ్ళాయి. 2.17.1 కన్నా తక్కువ లాగ్4జే-కోర్‌ని ఈ రూల్‌లో నిషేధిస్తే ఏ దారిలో వచ్చినా బిల్డ్ ఆగుతుంది.

గ్రేడిల్‌లో ఫెయిల్‌ఆన్‌వెర్షన్‌కాన్‌ఫ్లిక్ట్ పెట్టవచ్చు, కానీ చాలా కఠినం. డిపెండెన్సీ లాకింగ్ నయం: లాక్‌ఆల్‌కాన్ఫిగరేషన్స్ ఆన్ చేసి, ఒకసారి --రైట్-లాక్స్ తో నడిపి, వచ్చిన గ్రేడిల్.లాక్‌ఫైల్‌ని కమిట్ చేయండి. ఎప్పుడు ఏ ట్రాన్సిటివ్ వెర్షన్ కదిలినా కోడ్ రివ్యూలో డిఫ్‌గా కనబడుతుంది.

రెండు వెర్షన్లూ నిజంగా కావాలంటే

ఒక లైబ్రరీ పాతదానితో తప్ప నడవదు, ఇంకోటి కొత్తదానితో తప్ప నడవదు, ఏ వెర్షన్ బిగించినా ఒకరు పడిపోతారు. అప్పుడు మిగిలేది షేడింగ్. మేవెన్ షేడ్ ప్లగిన్‌తో ఒక లైబ్రరీని, అది వాడే పాత వెర్షన్‌ని కలిపి, పాతదాని ప్యాకేజీ పేరు రీలొకేషన్‌తో మార్చి వేరే మాడ్యూల్‌గా కట్టండి. రీలొకేషన్ లేకుండా ఊరికే ఒక పెద్ద జార్‌గా కట్టడం ఇంతకంటే చెడ్డది. రెండు వెర్షన్ల క్లాసులు ఒకదానిమీద ఒకటి పడి, ట్రీలో కూడా కనబడకుండా పోతాయి. మెటా-ఇన్ఫ్ కింద సర్వీసెస్ ఫైళ్ళు ఉంటే సర్వీసెస్‌రిసోర్స్‌ట్రాన్స్‌ఫార్మర్ కలపండి, లేకపోతే ప్రొవైడర్లు దొరకవు. కాన్ఫిగరేషన్ ఫైళ్ళలో స్ట్రింగ్‌గా రాసిన క్లాస్ పేర్లను చేత్తో సరిచూసుకోవాలి.

తరచుగా జరిగే మరికొన్ని పొరపాట్లు

ట్రాన్సిటివ్‌గా రన్‌టైమ్‌కి వస్తున్న లైబ్రరీనే టెస్టుల కోసమని టెస్ట్ స్కోప్‌తో నేరుగా రాయడం. నేరుగా రాసిన స్కోపే చెల్లుతుంది, రన్‌టైమ్‌లో క్లాస్ పోతుంది.

వెర్షన్ రేంజ్‌లు వాడటం. ఇవాళ ఒక వెర్షన్, రేపు ఇంకోటి వస్తుంది, నిన్నటి బిల్డ్ మళ్ళీ కట్టలేరు. మేవెన్‌లో చదరపు బ్రాకెట్ లేకుండా 1.7.36 అని రాస్తే అది సూచన మాత్రమే, [1.7.36] అని రాస్తే అదే కావాలన్న పట్టు. ఇద్దరు రెండు రకాల పట్టు పడితే బిల్డ్ అసలు ముందుకు కదలదు.

బిగించిన వెర్షన్ పక్కన కారణం రాయకపోవడం. పక్కనే ఒక కామెంట్ రాయండి: ఏ లైబ్రరీ వల్ల, ఏ ఎర్రర్‌కి, ఏ తేదీన. పైనున్న లైబ్రరీని అప్‌గ్రేడ్ చేసిన ప్రతిసారి ఆ ఎంట్రీ తీసి ట్రీ డిఫ్ చూడండి. డిఫ్‌లో ఏమీ మారకపోతే ఆ ఎంట్రీ ఇక అక్కర్లేదు. మీరు బిగించినదానికన్నా కొత్త వెర్షన్ కనిపిస్తే, ఇన్నాళ్ళూ మీ ఎంట్రీయే దాన్ని కిందికి లాగుతోందన్నమాట. వెంటనే తీసేయండి.